వరస తప్పిన కిలోమీటరు

బోద్రీ కోర్టు ఎదుటి టీ కొట్టులో జయప్రకాష్ రెండో గుక్క తాగి, గ్లాసు బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, ముందుకు ఒరిగిపోయాడు. టైమ్ పన్నెండు గంటల పది నిమిషాలు. మే నెల ఎండ. చుట్టూ నల్లకోట్లు, ఫైళ్ళు మోసే గుమాస్తాలు. అందరూ వడదెబ్బ అనుకున్నారు. ఒకాయన మొహం మీద నీళ్ళు చల్లాడు.

రోడ్డుకి అవతల స్కూటర్ ఆపుకుని ఎదురుచూస్తున్న గిరిబాబు గుంపులోకి దూరి, నాడి చూసే వంకతో శవం మీదికి వంగాడు. కాలరుకి పైన, మెడ మీద ఆవగింజంత ఎర్రచుక్క. చొక్కా జేబు లోపలి గుడ్డ బయటికి వేలాడుతోంది. అందులో జయప్రకాష్ తనకి అందించాల్సిన పెన్ డ్రైవ్ లేదు. కుడి గుప్పిట్లో మాత్రం నలిగిన సిగరెట్ పెట్టె అట్ట ఒకటి మిగిలింది. దాని మీద బాల్‌పెన్ రాత.

'ఈవేళ 4.17. ఒక వంతెన. 20 ఉండాల్సిన చోట 100. ఆధా.'

గిరిబాబు తూకం వేసుకున్నాడు. పోయింది ఒక మనిషి, ఒక పెన్ డ్రైవ్. చేతికొచ్చింది తొమ్మిది మాటలు, నాలుగు గంటల ఏడు నిమిషాలు. నష్టం ఎంతో తర్వాత చూసుకోవచ్చు. ఉన్న సరుకు చెడకముందే కదలాలి.

స్కూటర్ స్టార్ట్ చేస్తూ ఫోన్‌లో ఒకే మాట అన్నాడు. "శాంపిల్ తడిసిపోయింది సార్."

జవాబు వెంటనే వచ్చింది. "గోదాముకి రా."

వ్యాపార్ విహార్‌లో గిరిబాబుది ఎండుమిర్చి హోల్‌సేల్ కొట్టు. పదకొండేళ్ళుగా ఆ బజారు అతన్ని మిర్చి వ్యాపారిగానే ఎరుగును. కొట్లో పొద్దుపోక కూర్చునే శేషగిరిరావుని రిటైరైన బ్యాంకు మేనేజరుగా ఎరుగును. మొదటివాడు సెక్షన్ నైన్ అనే రహస్య విభాగంలో ఫీల్డ్ ఏజెంట్ అనీ, రెండో ఆయన ఆ సెక్షన్‌కి చీఫ్ అనీ బస్తాల వెనక ఉన్న గదికి తప్ప ఎవరికీ తెలియదు.

శేషగిరిరావు అట్టముక్క చదివి కళ్ళజోడు తీశారు.

"ఆధా అంటే హిందీలో సగం. ఇక్కడ ఏంటి సార్?"

"ప్రోగ్రామర్ల లైబ్రరీ. చిన్న కోడ్ ముక్క. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఎవరి సాఫ్ట్‌వేర్‌లోనైనా కలుపుకోవచ్చు. వరసగా పేర్చిన అంకెల్లో కావాల్సిన అంకెని వెతికిపెట్టడమే దాని పని. పట్టికని సరిగ్గా మధ్యలో తెరుస్తుంది. వెతికే అంకె అంతకన్నా పెద్దదైతే ముందు సగం పారేస్తుంది, చిన్నదైతే వెనక సగం పారేస్తుంది. మిగిలినదాన్ని మళ్ళీ సగం చేస్తుంది. నాలుగు వేల వరసలుంటే పన్నెండు చూపుల్లో తేల్చేస్తుంది."

"పట్టిక వరసలో లేకపోతే?"

"అక్కడే దెబ్బ. ఉంచుకోవాల్సిన సగాన్ని పారేస్తుంది. పారేసినట్టు దానికి తెలియదు కూడా."

చీఫ్ గోడ మీద మ్యాప్ విప్పారు. రైల్‌దిశ అనే ప్రైవేటు కంపెనీ పదకొండు రైలుబళ్ళలో ట్యాబ్లెట్లు పెట్టి ట్రయల్ నడుపుతోంది. ఏ కిలోమీటరులో ఎంత వేగానికి మించకూడదో డ్రైవర్‌కి ఆ తెరే చెబుతుంది. కిలోమీటర్ల పట్టికలో వేగాన్ని వెతికిపెట్టేది ఆధా. ఆ బళ్ళ దారుల్లో చాలా వంతెనలు రిపేరులో ఉన్నాయి. తాత్కాలికంగా దూలాలు పేర్చి నిలబెట్టారు. అక్కడ గంటకి ఇరవై కిలోమీటర్లు దాటకూడదు.

"కోబాల్ట్ అనే విధ్వంసకుల ముఠా పట్టికలో వాటిలో ఒక వంతెన కిలోమీటరు అంకె మార్చేసింది. ఇరవై ఉన్న వరస ఎక్కడో కొట్టుకుపోయింది. బండి వంతెన దగ్గరికి వచ్చినప్పుడు ట్యాబ్లెట్ అంతకుముందున్న వందనే చూపిస్తుంది. పట్టాల పక్కన హెచ్చరిక బోర్డులు కూడా తీసేసి ఉంటారు."

"వరస తప్పితే ఆధా కనిపెట్టలేదా?"

"కనిపెట్టేది. రాసిన అమ్మాయి అందులో ఒక కాపలా పెట్టింది. వెతికేముందు పట్టిక వరసలో ఉందో లేదో చూసుకునేది. మూడు వారాల కింద ఆ కాపలా తీసేశారు, వేగం పెరుగుతుందని సాకు చెప్పి."

"తీసింది ఎవరు?"

శేషగిరిరావు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "తనూజ. ముఠాలో ఉన్న మన మనిషి. రెండేళ్ళుగా ఆ లైబ్రరీకి మెరుగులు దిద్ది పెడుతూ నమ్మకం సంపాదించింది. వాళ్ళు తనని నమ్మాలంటే కాపలా తీయక తప్పదంది. నేను సరేనన్నాను."

గిరిబాబు మ్యాప్ మీదికి వంగాడు. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకున్నప్పుడు మాట్లాడితే మరో పది నిమిషాలు పోతాయి.

"ఏ వంతెన సార్?"

"పెన్ డ్రైవ్‌లో ఉంది."

"పదకొండు బళ్ళూ ఆపించండి."

"పొద్దున జయప్రకాష్ మొదటి కబురు పంపగానే అడిగాను. ఈ వారంలో మూడు దొంగ బాంబు ఫోన్లు వచ్చాయి. మూడుసార్లూ బళ్ళు ఆపి వెతికారు, ఏమీ లేదు. ఇప్పుడు రైల్వే కంట్రోల్ ఏ బండి, ఏ కిలోమీటరు అంటోంది. అదీ లేకపోతే ఢిల్లీ నుంచి రాతలో కావాలంటోంది. రాత వచ్చేసరికి ఐదున్నర."

"ఆ ఫోన్లూ వాళ్ళవే."

"అవును. ముందే మన మాట విలువ దించేశారు."

"లైబ్రరీ రాసిన అమ్మాయి?"

"కోమల. రైల్వే కాలనీ. నిన్నటి నుంచి తన లైబ్రరీలోకి తనే వెళ్ళలేకపోతోంది. తాళం తనూజ దగ్గరుంది, సీపత్ గెస్ట్ హౌస్‌లో. వెళ్ళి తీసుకురా." చీఫ్ గొంతు తగ్గింది. "కోమల తండ్రి సూర్యం లోకో పైలట్. ఆ పదకొండు బళ్ళలో ఒకటి ఆయనదే. డ్యూటీ ఎక్కాక ఫోన్ ఆఫ్. ఆ పిల్లకి అన్నీ తెలుసు."

సీపత్ గెస్ట్ హౌస్ మెట్లెక్కేసరికి రెండుంపావు. ఖాకీ చొక్కా, టూల్ బ్యాగ్, అతికించుకున్న మీసం. ఏసీ మెకానిక్.

తలుపు తీసిన తనూజ ముదురు ఆకుపచ్చ కోసా పట్టుచీరలో ఉంది. మెడలో నల్లరాయి లాకెట్. ఈ ఊళ్ళో ఆమెని ఒకసారి చూసినవాళ్ళు రెండోసారి చూడకుండా వెళ్ళడం కష్టం. ఆమె పెట్టుబడి కూడా అదే.

"ఏసీ నీళ్ళు కారుతోందన్నారు."

"కారడం కాదు, ఏడుస్తోంది." కోడ్ సరిపోయింది. ఆమె నవ్వింది. "మీసం బావుంది గిరిబాబు గారూ. ఎడమ పక్క కాస్త ఊడింది."

లోపలికి వచ్చి కూర్చున్నాడు. "జయప్రకాష్ పోయాడు."

"అయ్యో." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చక్కగా తిరిగాయి.

"కానీ పెన్ డ్రైవ్ నా చేతికొచ్చింది," అన్నాడు గిరిబాబు.

బజారులో పదకొండేళ్ళు కూర్చున్నవాడు ఎదుటి మనిషి మాట వినడు, చెయ్యి ఎటు పోతుందో చూస్తాడు. తనూజ చెయ్యి పక్కనున్న హ్యాండ్‌బ్యాగ్ మీదికి పోయింది. ఉందో లేదో తడిమి చూసుకుంది. అర క్షణం. అంత చాలు.

ఇద్దరూ ఒకేసారి లేచారు. ఆమె చేతిలో లిప్‌స్టిక్, దాని మొనన సన్నని సూది. అతని చొక్కా చేతిలోంచి జారింది బస్తాలోంచి శాంపిల్ లాగే ఇనప గొట్టం. వెనక మీట నొక్కితే అందులోంచి గుంటూరు కారం గాలిలోకి చిమ్మింది. సూది సోఫాలో దిగింది. ఇద్దరికీ కళ్ళు మండిపోయాయి. ఆ మంటలోనే తనూజ హ్యాండ్‌బ్యాగ్ లాగి, పెన్ డ్రైవ్ కింద పడేసి, మడమతో రెండుసార్లు తొక్కింది.

పురికొసతో ఆమె చేతులు కుర్చీకి కట్టేసరికి రెండూ నలభై ఐదు. నేల మీద పెన్ డ్రైవ్ పొడిపొడిగా ఉంది. వంతెన పేరు ఆ పొడిలో పోయింది.

"లాకెట్టే తాళం," అంది తనూజ దగ్గుతూ. "పిన్ కొడితే ఎనిమిది అంకెల కోడ్ చూపిస్తుంది. పిన్ లేకపోతే అది ఉత్త రాయి. మీకు కావాల్సింది పిన్. నాకు కావాల్సింది దారి."

"వదలమంటావు."

"మీరు వ్యాపారస్తులు. నన్ను పట్టుకుంటే మీకేం వస్తుంది? నాలుగుంపావుకి వెయ్యి మంది పోతారు, మీ చేతిలో ఒక ఆడది మిగులుతుంది."

గిరిబాబు ఆలోచించాడు. ఒక పక్క జయప్రకాష్ మెడ మీది చుక్క. రెండో పక్క నిండుగా ఉన్న బోగీలు. ఎటు మొగ్గుతుందో చూడ్డానికి త్రాసు అక్కర్లేదు.

"ముందు కోడ్ పనిచేయాలి. తర్వాతే కట్టు విప్పుతాను."

ఆమె ఆరు అంకెలు చెప్పింది. లాకెట్ వెలిగింది. అతను కోమలకి ఫోన్ చేసి కోడ్ చదివాడు.

"ఆ గయా అంకుల్, లోపలికి వచ్చేశా," అంది కోమల. "కాపలా మళ్ళీ పెట్టేస్తున్నా. పబ్లిష్ చేయాలంటే ఇంకో కోడ్ కావాలి. లాకెట్ పట్టుకుని జల్దీ రండి."

గిరిబాబు కట్టు విప్పాడు. తనూజ చీర సర్దుకుని, అద్దంలో ఎర్రబడ్డ కళ్ళు చూసుకుని, తొందర లేకుండా నడిచి వెళ్ళిపోయింది. ఆ నడక అతనికి నచ్చలేదు. అడిగినంతా ఇచ్చేసిన మనిషి నడక కాదది.

రైల్వే క్వార్టర్ ముందు గదిలో కూలర్ తిరుగుతోంది. కోమల నేల మీద కూర్చుని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. పక్కన టెస్టింగ్ కోసం కంపెనీ ఎప్పుడో ఇచ్చిన పాత ట్యాబ్లెట్. తల్లి అప్పయమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

మూడూ యాభై. గిరిబాబు లాకెట్ ముందు పెట్టాడు. కోమల దానివంక చూడలేదు.

"పని చేయదు అంకుల్."

"కోడ్ వచ్చిందిగా."

"కోడ్ వస్తుంది. కాపలా కూడా పనిచేస్తుంది. ఇదిగో, ఈ ట్యాబ్లెట్ పట్టికలో నేనే ఒక అంకె తప్పుగా మార్చా. ఆధా పట్టేసింది, వరస తప్పిందని ఎర్రర్ ఇచ్చింది. ఇప్పుడు తెర చూడండి."

తెర మీద పెద్ద ఆకుపచ్చ అక్షరాల్లో వంద. మూలన చిన్న పసుపు గుర్తు.

"ఎర్రర్ వస్తే కంపెనీ యాప్ ఏం చేస్తుందంటే, అంతకుముందు చూపించిన అంకెనే పట్టుకుని కూర్చుంటుంది. మతలబ్, కాపలా ఉన్నా వందే, లేకున్నా వందే."

"కంపెనీకి ఫోన్?"

"పన్నెండున్నర నుంచి హోల్డ్ పాటే వినిపిస్తోంది."

గిరిబాబు గోడకి ఆనుకున్నాడు. పిన్ ఎందుకంత సులువుగా వచ్చిందో ఇప్పుడు అర్థమైంది. పైన పిడికెడు మంచి కాయలు, కింద ఊక. అలాంటి బస్తా కొన్నవాడిని బజారులో ఎన్నోసార్లు చూసి నవ్వాడు. ఇవాళ అదే బస్తాకి ఒక హంతకురాలిని ధరగా కట్టాడు.

"అంకె సరిదిద్దలేమా?"

"ఏ అంకె? పట్టిక బళ్ళలో ఉంది, నా దగ్గర లేదు. వెతకాల్సిన కిలోమీటరు పేరే మారిపోయాక ఎంత మంచిగా వెతికినా దొరకదు. ఒక్కో వరసా చూసుకుంటూ పోయినా దొరకదు." కోమల మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. "ఆమె పంపిన మెరుగులన్నీ నేనే చూసి ఒప్పుకున్నా అంకుల్. థాంక్యూ దీదీ అని రాసేదాన్ని."

నాలుగు కొట్టింది. రైల్వే వాళ్ళ ఇంట్లో గడియారం ఒక్క నిమిషం కూడా తప్పదు.

అప్పయమ్మ గుమ్మం వదిలి లోపలికి వచ్చింది. "ఏటమ్మా, ఏటి చెప్తంది ఆ డబ్బా?"

"నాకు తెలీదని చెప్తోందమ్మా. తెలీక పాతదే చూపిస్తోంది."

"తెలీకపోతే పాతది సూపిస్తాదేటే?" అప్పయమ్మకి కోపం వచ్చింది. ఏడవకుండా ఉండడానికి ఆమెకి తెలిసిన దారి అదొక్కటే. "మీ నాన్నకి సిగ్నల్ కాడ దీపం ఆరిపోయి కనపడిందనుకో, ఏటి సేస్తాడు? ఇందాకటిది పచ్చే గదా అని ఎల్లిపోతాడా? దీపం లేదంటే ఎర్రదీపమని లెక్క. ముప్పై రెండేళ్ళు అలగే తోలినాడు. ఆ డబ్బా సేసినోడు ఏ షెడ్డులో నేర్సుకున్నాడో గాని."

కోమల తల ఎత్తింది.

"అమ్మా, మళ్ళీ చెప్పు."

"ఏటి మళ్ళీ చెప్పేది? మన ఇంట్లో కుక్కకి కూడా తెలుసు ఆ రూలు."

కోమల వేళ్ళు కీబోర్డ్ మీద పడ్డాయి. "ఎర్రర్ ఇవ్వను అంకుల్. వరస తప్పిందని తెలిస్తే, ఏ కిలోమీటరు అడిగినా ఒకటే జవాబు. పట్టిక మొత్తంలో అన్నిటికన్నా తక్కువ వేగం ఏదుందో అది. వేగాల గడి కూడా ఆధాకి కనపడుతుంది."

"అంటే ఇరవై."

"పదకొండు బళ్ళకీ ఇరవై. ఏ వంతెనో మనకి తెలియక్కర్లేదు." ఆమె ఆగింది. "ఇంకెవరెవరో ఆధా వాడుకుంటున్నారు. అడిగింది వెతకకుండా ఇంకేదో ఇచ్చే లైబ్రరీని మళ్ళీ ఎవరూ ముట్టుకోరు. ఐదేళ్ళ పేరు పోతుంది."

"పోనీ," అన్నాడు గిరిబాబు. "పేరు మళ్ళీ సంపాదించుకోవచ్చు."

ట్యాబ్లెట్లు పావుగంటకి ఒకసారి కొత్త వెర్షన్ కోసం చూస్తాయి. నాలుగింటి విడత దాటిపోయింది. మిగిలింది నాలుగుంపావు ఒక్కటే. అది తప్పితే తర్వాతిది నాలుగున్నరకి, వంతెన తర్వాత.

నాలుగూ పన్నెండుకి కోడ్ రాయడం అయింది. టెస్ట్ ట్యాబ్లెట్ తెర ఎర్రగా మారి ఇరవై చూపించింది. గిరిబాబు లాకెట్ తీసి పిన్ కొట్టాడు. అంకెలు వెలిగాయి. అతనికి కనపడలేదు. కారం తిన్న కళ్ళు వాచి గీతల్లా మూసుకుపోయాయి. మూడో, ఎనిమిదో తెలియలేదు. అర నిమిషం గడిచి కోడ్ మారిపోయింది.

"తప్పు కొడితే మళ్ళీ తాళం పడిపోతుంది అంకుల్."

"ఇలగియ్యండి బాబూ," అంది అప్పయమ్మ. లాకెట్ కిటికీ వెలుతురులో పట్టుకుని, ప్లాట్‌ఫారం మీద బండి నంబరు చెప్పినట్టు ఒక్కో అంకే గట్టిగా చెప్పింది. కోమల కొట్టింది. ఎనిమిదో అంకె దగ్గర అప్పయమ్మ లాకెట్‌ని వెలుతురుకి మరికాస్త తిప్పింది. సరిచూసుకుని చెప్పింది. "ఏడు."

పబ్లిష్ అయినట్టు తెర చెప్పేసరికి నాలుగూ పద్నాలుగు నిమిషాల నలభై సెకన్లు.

ఇంక చేయడానికి ఏమీ లేదు. ముగ్గురూ గడియారం కింద నిలబడ్డారు.

గడియారం నాలుగుంపావు చూపించిన క్షణంలో, ఊరికి చాలా దూరంలో, సూర్యం బండి గంటకి వంద మీద పోతోంది. వెనక పద్దెనిమిది బోగీలు నిండా జనం. తెర మినుకుమని ఎర్రబడింది. ఇరవై.

"సార్, ఇదేంటి?" అన్నాడు అసిస్టెంట్. "బోర్డు కూడా ఏమీ లేదు. డబ్బా పాడైనట్టుంది. పోనిద్దామా?"

"పాడైతే అయింది," అన్నాడు సూర్యం. అతని చెయ్యి అప్పటికే బ్రేక్ మీద ఉంది. "రెండు మాటలు ఇనపడితే తక్కువ మాటే ఇనాలి. లేటు రాసుకోమను."

చక్రాలు కీచుమన్నాయి. తొంభై. డెబ్బై. నలభై. వంపు తిరిగేసరికి ఇరవై రెండు. ఎదురుగా వంతెన. పట్టాల కింద పేర్చిన కొయ్య దూలాలు చూసి సూర్యం బ్రేక్ ఇంకాస్త బిగించాడు. ఆ వేగంలోనే దూలాలు మూలిగాయి. దుమ్ము రాలింది. బోగీ తర్వాత బోగీ సైకిలు వేగంతో దాటింది. ఆఖరి బోగీ నేల మీదికి వచ్చాక అతను రేడియోలో వంతెన నంబరు చెప్పాడు. నిదానంగా రెండోసారి చెప్పాడు.

నాలుగూ ఇరవై ఆరుకి కోమల ఫోన్ మోగింది. శేషగిరిరావు. "మీ నాన్న దాటాడమ్మా."

అప్పయమ్మ కొంగుతో లాకెట్ తుడిచి గిరిబాబు చేతిలో పెట్టి, కళ్ళకి మజ్జిగ రాసుకోమని గిన్నె తెచ్చింది.

"గిరీ," అన్నారు చీఫ్ స్పీకర్‌లోంచి, "తనూజ నాలుగూ ఇరవైకి స్టేషన్‌లో రాయ్‌పూర్ వైపు బండెక్కింది. మనవాడు చూశాడు."

"ఆ బండిలో ట్యాబ్లెట్ ఉందా సార్?"

"ఉంది."

వంద మీద పోవాల్సిన బండి ఇరవై మీద పోతోంది. గిరిబాబు బేరం మళ్ళీ లెక్కేసుకున్నాడు. అంత నష్టం కాదనిపించింది.

ఆటోలో ఆ దారిలో ముందున్న బిల్హా స్టేషన్‌కి వెళ్ళి, బెంచీ మీద కూర్చుని, టీ తెప్పించుకున్నాడు. ఇప్పుడతని మాటకి కంట్రోల్‌లో విలువ ఉంది కాబట్టి బండిని అక్కడ ఆపారు. అది ఈడ్చుకుంటూ వచ్చేసరికి టీ అయిపోయింది. ఆకుపచ్చ పట్టుచీర కిటికీ ఎదురుగా ఇద్దరు కానిస్టేబుళ్ళతో నిలబడ్డాడు.

తనూజ అతన్ని చూసి కదల్లేదు. "మీరు మాట ఇచ్చారు."

"కట్టు విప్పుతానన్నాను. విప్పాను."

"కాపలా పెట్టినా వందే చూపించాలి." ఆమెకి నిజంగానే అర్థం కాలేదు. "ఈ బండి ఎందుకింత నెమ్మదిగా వచ్చింది?"

ఆ సాయంత్రం పదకొండు బళ్ళు రెండు గంటలు ఆలస్యంగా చేరాయి. వేల మంది దిగి ఎవరి దారిన వాళ్ళు ఇళ్ళకి పోయారు. ఎందుకు ఆలస్యమైందని అడిగింది తనూజ ఒక్కతే.